ఆగుస్తిన్ ఫ్రెనెల్ చరిత్రము

పాపఘ్ని తీరమున నున్న మన కమలాపురమునకు సముద్రము బహుదూరము. కావున మన విద్యార్థులలో దీపస్తంభమును జూచినవారు అరుదు. అయినను, ఒక చిన్న దీపపు వెలుగును క్రోసులకొలది దూరము పంపి, చీకటిలో ఓడలకు దారి చూపిన మహనీయుని చరిత్రము వారు తెలిసికొనదగినదని తలచి, ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆగుస్తిన్ ఫ్రెనెల్ 1788వ సంవత్సరము మే నెల 10వ తేదీన ఫ్రాంసు దేశపు నార్మండీ సీమలో జన్మించెను. బాల్యమున దేహము దుర్బలము; ఎనిమిదేండ్ల ప్రాయమున గూడ చదువుట సరిగా రాలేదు. కాని బొమ్మ తుపాకులను, విండ్లను చేయుటలో తోడి బాలురకు అతడే గురువు. (ఈ సంగతిని మన బాలురు పాఠము లప్పగింపకుండుటకు సాకుగా జెప్పరని నమ్ముచున్నాము.) పిమ్మట పారిసులో చదివి, ప్రభుత్వమువారి బాటల ఇంజనీరై, పల్లెసీమలలో రోడ్లు వేయించుచుండెను.

1815లో నెపోలియను ఎల్బా ద్వీపమునుండి మరలి వచ్చినపుడు ఫ్రెనెల్ ఎదురుపక్షమున చేరెను. అందువలన ఉద్యోగమునుండి తొలగింపబడి, తల్లి యున్న పల్లెకు బోయి, ఆ తీరికను వెలుగును గూర్చిన పరిశోధనలకు వినియోగించెను. మంచి పరికరములు లేవు. తేనెచుక్కయే అతనికి భూతద్దము. ఊరి కమ్మరి చేసి యిచ్చినదే కొలతయంత్రము. వానితోనే సన్నని తీగ నీడ అంచుల నేర్పడు చారలను కొలిచి, వెలుగు కణములు కాదు, తరంగములని నిరూపింప బూనెను. 1818లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తునకు తన వ్యాసమును పంపగా, పరీక్షకులలో నొకడైన ప్వాసోన్, ఈ వాదమే నిజమైనచో గుండ్రని బిళ్ల నీడకు సరిగా నడుమ వెలుగుచుక్క కనబడవలెనని, అది అసంభవమని ఆక్షేపించెను. అరాగో పండితుడు పరీక్షించి చూడగా ఆ చుక్క కనబడనే కనబడెను! 1819లో బహుమానము ఫ్రెనెల్‌కు లభించెను.

ఆ యేటనే అతడు దీపస్తంభముల సంఘమున నియమితుడయ్యెను. అప్పటి దీపములవెనుక లోహపుటద్దము లుండెడివి. అవి చాల వెలుగును తామే మ్రింగివేయుచుండెను. ఒకే పెద్ద గాజుకటకమును చేయుదమన్నచో, అది మిక్కిలి దళసరియై, బరువై, ఆ దళమే వెలుగును హరించును. వెలుగును వంచునది కటకపు ఉపరితలమే గాని లోని దళము కాదని ఫ్రెనెల్ గ్రహించెను. కావున నడుమ చిన్న కటకమును, దాని చుట్టును మెట్లు మెట్లుగా గాజు వలయములను అమర్చి, ప్రతి వలయపు వంపును వేరువేరుగా లెక్కగట్టి దిద్దించెను. బుఫోన్ మొదలగువారు ఇట్టి యూహను పూర్వమే చేసియుండిరి. దానిని ఓడలకు పనికివచ్చునట్లు చేసినవాడు మాత్ర మితడే. చెదరిపోవు కిరణములు ఒక్క దిక్కునకు సమాంతరముగా వెడలెను. 1823 జూలైలో గిరోండు నదీముఖమందలి కోర్దువాన్ దీపస్తంభమున ఈ కటకము మొదట వెలిగెను. ఇరువది మైళ్ల దూరమునకు దాని కాంతి కనబడెను.

పైకిని క్రిందికిని పోవు కిరణములను గూడ పట్టుటకు అతడు గాజు పట్టకములలో సంపూర్ణ పరావర్తనమును ఉపయోగించెను. గాజులోపలినుండి మిక్కిలి ఏటవాలుగా అంచునకు తగిలిన వెలుగు బయటికి పోక మొత్తము లోనికే మరలును. ఈ ధర్మమువలననే 1841లో జెనీవా నగరమున కొలడాన్ వంగిన నీటిధారవెంబడి వెలుగును నడిపించెను. నేడు సముద్రగర్భమున వేసిన గాజుపోగులలో వార్తలు ఖండాంతరములకు పోవుటయు దీనివలననే.

ఇంతలో క్షయ అతనిని క్రుంగదీసెను. 1824 తరువాత ఇతర పరిశోధనలను చాలవరకు విడిచి, మిగిలిన బలమును దీపస్తంభములకే వినియోగించెను. తరంగవాదముకంటె ఈ యెన్నికయే అతని గొప్పతనము నెక్కువగా జూపుచున్నదని మా యభిప్రాయము. లండను రాయల్ సొసైటీవారి రంఫర్డు పతకమును అరాగో తెచ్చి, మరణశయ్యపై నున్న అతని కిచ్చెను. 1827 జూలై 14వ తేదీన, 39 ఏండ్ల ప్రాయమున, పారిసు సమీపమున ఫ్రెనెల్ కాలధర్మము నొందెను. దీపస్తంభముల పనిని తమ్ముడు లియోనోర్ చేపట్టి సాగించెను.