అండానికీ ఓ గడియారం

ఐవీఎఫ్ చికిత్సలో ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఫలానా వేళకే చేసుకోవాలని డాక్టర్లు పట్టుబడతారు. ఆ తర్వాత సుమారు 36 గంటలకు అండాలను బయటికి తీస్తారు. ఈ గంటల లెక్క గ్రెగరీ పింకస్‌తో మొదలైంది.

ఆయన 1903లో అమెరికాలోని న్యూజెర్సీలో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. హార్వర్డ్‌లో పనిచేస్తూ, 1935లో ఎంజ్‌మన్‌తో కలిసి కుందేలు అండాశయం నుంచి పచ్చి అండాలను తీసి గాజుపాత్రలో ఉంచారు. హార్మోన్ కలపకపోయినా అవి వాటంతటవే పక్వమవడం మొదలుపెట్టాయి. అంటే, అండాశయంలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కణాలే అండాన్ని పండకుండా ఆపుతున్నాయన్నమాట.

గాజుపాత్రలో ప్రాణం పోస్తున్నాడంటూ పత్రికలు గగ్గోలు పెట్టాయి. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మిత్రుడు హోగ్లాండ్ 1938లో వూస్టర్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో చోటిచ్చారు. 1944లో ఇద్దరూ సొంత పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. అక్కడి పరిశోధనల నుంచే గర్భనిరోధక మాత్ర వచ్చింది. 1960లో దానికి అమెరికా అనుమతి లభించింది. అయితే ప్యూర్టోరికోలో పేద మహిళలకు పూర్తి వివరాలు చెప్పకుండానే దాన్ని పరీక్షించారన్న మచ్చ మిగిలింది. పింకస్ 1967లో కన్నుమూశారు.

ఆయన లెక్క ఒకటి తప్పింది. కుందేలు అండంలాగే మనిషి అండమూ 12 గంటల్లో పండుతుందని 1939లో ప్రకటించారు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ ఎడ్వర్డ్స్ అన్ని గంటలు ఆగి చూస్తే ఏమీ కనిపించలేదు. ఓపిగ్గా ఇంకా వేచి చూశాక, సుమారు 36 గంటలు పడుతుందని తేలింది. 1965లో ఆ సంగతి ప్రచురించారు. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది ఆయన బృందం కృషితోనే.

గుర్రాల్లో మామూలు ఐవీఎఫ్ చాలాకాలం సరిగా కుదరలేదు. అందుకే మేలుజాతి ఆడగుర్రం నుంచి పచ్చి అండాలు తీసి, ల్యాబులో ఒక రోజుకు పైగా పండించి, ఒక్కో దానిలోకి ఒక్కో వీర్యకణాన్ని సన్నని సూదితో ఎక్కిస్తారు. పీసీఓఎస్ ఉన్న కొందరు మహిళల్లోనూ ఇలా బయట పండించే పద్ధతి వాడతారు. హార్మోన్ ఇంజెక్షన్లు తగ్గుతాయి. గర్భం నిలిచే అవకాశం మాత్రం సాధారణ ఐవీఎఫ్ కంటే కాస్త తక్కువ.

కాబట్టి ఇంజెక్షన్ వేళకు అలారం పెట్టుకోండి. పొరపాటున ఆలస్యమైతే దాచకండి. వెంటనే ఫోన్ చేసి చెబితే, డాక్టర్లు అండాలు తీసే వేళను సవరించగలుగుతారు.