మేనరికం లెక్క చూపిన హాల్డేన్

మా చెన్నూరు దిక్కు పిలగానికి మూడేండ్లొచ్చినా నడక, మాట రాకపోతే అందరి ఏలు మొదలు తల్లి మీదికే పోతది. గ్రహణం చూసిందంటరు, చేతబడి అంటరు. గసొంటి మాటలు ఇన్నప్పుడల్లా నాకు జె.బి.ఎస్. హాల్డేన్ యాదికొస్తడు.

హాల్డేన్ 1892ల ఇంగ్లండ్‌ల, ఆక్స్‌ఫర్డ్‌ల పుట్టిండు. తండ్రి కూడ సైంటిస్టే. విషపు గాలి పీలిస్తే ఏమైతదో తమ పానం మీదనే చూసుకున్న మనుషులు వాళ్లు. తర్వాత జన్యువుల ముచ్చటను లెక్కలల్లకు తెచ్చిండు. రక్తం గడ్డకట్టని రోగం, రంగులు తెల్వని లోపం, ఈ రెండింటి జన్యువులు కలిసే దిగుతయని 1937ల జూలియా బెల్‌తోని కలిసి చూపిండు. రోగపు జన్యువు యాడున్నదో ఎతికే తొవ్వల అదొక మొదటి అడుగు. అదే బెల్ 1943ల మార్టిన్ అనే డాక్టరుతోని కలిసి, ఒక కుటుంబంల మగపిల్లలకు వచ్చిన బుద్ధిమాంద్యం ఎక్స్ క్రోమోజోముతోని దిగుతున్నదని తేల్చింది. ఇయ్యాల దాన్ని ఫ్రజైల్ ఎక్స్ అంటున్నరు. దాని జన్యువు 1991ల దొరికింది. తల్లి నుంచి దిగినా అది తల్లి తప్పు కాదు. జన్యువును ఎవ్వలూ కోరి తెచ్చుకోరు కదా.

సూయజ్ మీద ఇంగ్లండ్ చేసిన దాడి నచ్చలేదని చెప్పి, 1957ల హాల్డేన్ కలకత్తాకు వచ్చిండు. లాల్చీ తొడిగిండు, మాంసం ఇడిచిపెట్టిండు, మన దేశ పౌరుడైండు. మేనమామకు పిల్లనిచ్చే మన రివాజు ఆయనకు పెద్ద పరిశోధన అనిపించింది. శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల మేనరికాల లెక్కలు తీసిండు.

లెక్క అల్కనే. ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఆలుమగలిద్దరిలో దాగి ఉంటే, ప్రతి కాన్పుల బిడ్డకు రోగం వచ్చే అవకాశం 25 శాతం. మేనరికపు పిల్లలు చానామంది మంచిగనే ఉంటరు. గని దగ్గరి సంబంధంల ఒకే లోపం ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ.

హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌ల క్యాన్సర్‌తోని పోయిండు. తన శవాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చిండు. సచ్చినంక కూడ తెలుగు పిల్లలకు పాఠమైండు.

ఇప్పుడు జన్యు పరీక్షలకు హైదరాబాద్‌ల సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఉన్నయి. 2021 అరుదైన రోగాల పాలసీ కింద కొన్ని రోగాలకు సర్కారు సాయం కూడ ఉన్నది. చానా రోగాలకు ఇంకా మందు లేదు, నిజమే. గని రోగం పేరు తెలిస్తే వచ్చే కాన్పుకు ముందే పరీక్ష చేయించుకోవచ్చు, తల్లి మీది నింద కూడ పోతది. తమ్మీ, చెల్లే, సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం లెక్కలు పక్కకు పెట్టి ఈ లెక్క అడుగుండ్రి.