పడవలో దాచుకుని తిన్న మిఠాయి

మంచు దేశంలో బండి లాగే కుక్క కథ రాసి ప్రపంచాన్ని మెప్పించిన అమెరికన్ రచయిత జాక్ లండన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ అనే ఆ నవల 1903లో వచ్చింది. పదేళ్ల తర్వాత ఆయనే ‘జాన్ బార్లీకార్న్’ అని మరో పుస్తకం రాశాడు. అది తన తాగుడు కథ. టీనేజీ పిల్లలున్న అమ్మానాన్నలకు నేను ఓపీలో చెప్పాలనుకుని, రద్దీలో చెప్పలేకపోయే మాటలు చాలావరకు ఆ జీవితంలోనే ఉన్నాయి.

జాక్ 1876లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. అయిదేళ్లప్పుడు పొలం దున్నుతున్న మారుతండ్రికి బకెట్లో బీరు తీసుకెళ్లమన్నారు. పెద్దవాళ్లు అంత ఇష్టంగా తాగేది ఎలా ఉంటుందోనని దారిలో కొంత తాగాడు. రుచి అస్సలు నచ్చలేదు. కాసేపటికి తల తిరిగి నాగలి ముందే తూలి పడ్డాడు. మారుతండ్రి గుర్రాలను గట్టిగా లాగి ఆపబట్టి బతికాడు.

ఏడేళ్లప్పుడు జరిగింది ఇంకా ఘోరం. ఊళ్లో ఇటాలియన్ల ఇంట ఏదో వేడుక. ఒక కుర్రాడు సరదాకి జాక్ ముందు వైన్ గ్లాసు పెట్టాడు. వాళ్లు కోపిష్టివాళ్లని ఇంట్లో చెప్పగా విన్న పిల్లవాడు, వద్దంటే ఏం చేస్తారోనని హడలిపోయాడు. రుచి తెలియకుండా మందు మింగినట్టు గటగటా తాగేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకుని, ఇంకా ఇంకా పోశారు. ఆ రాత్రంతా వాడు స్పృహ లేకుండా పలవరించాడు. చిన్న ఒంట్లో మద్యం రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడేస్తుంది. వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణానికే ముప్పు. పెళ్లిళ్లలో, పిక్నిక్‌లలో పిల్లల నోటికి చుక్క అందించి నవ్వుకునే బాబాయిలు, మావయ్యలు ఇది గుర్తుంచుకుంటే బాగుండు.

పదేళ్లకే జాక్ ఓక్లాండ్ వీధుల్లో పేపర్లు అమ్మాడు. తర్వాత డబ్బాల ఫ్యాక్టరీలో గంటకు 10 సెంట్ల కూలీ. ఆ చాకిరీ నుంచి బయటపడాలని 15 ఏళ్లకు, తనను చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన దాది దగ్గర 300 డాలర్లు అప్పు తీసుకుని ఒక తెరచాప పడవ కొన్నాడు. రాత్రిళ్లు ఇతరుల మడుల్లోంచి ఆల్చిప్పలు దొంగిలించి అమ్మే ముఠాలో చేరాడు. వాళ్లంతా మొనగాళ్లు. వాళ్ల అడ్డా రేవు పక్కన ఉన్న జానీ హీనోల్డ్ బారు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఒకరు మనకు తాగిస్తే మనమూ వాళ్లకు తాగించాలి. నెల్సన్ అనే మొనగాడు ఒకరోజు వరసగా బీర్లు ఇప్పిస్తే జాక్ తాగేసి ఊరుకున్నాడు. తిరిగి తానేమీ ఇప్పించలేదని తర్వాత తట్టింది. సిగ్గుతో చితికిపోయాడు. పైసా పైసా కూడబెట్టిన కుర్రాడు ఆ రోజు నుంచి బారులో డబ్బు నీళ్లలా పోశాడు.

తమాషా ఏమిటంటే, అప్పటికీ వాడికి మద్యం రుచి నచ్చలేదు. వాడికి ఇష్టమైనవి గట్టి మిఠాయి బిళ్లలు. ముఠా లేనప్పుడు లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు మార్చుకుని, బిళ్లలు కొనుక్కుని, పడవ గదిలో తలుపేసుకుని చదువుతూ చప్పరించేవాడు. తన డబ్బుకు నిజంగా విలువ దక్కింది అప్పుడేనని తర్వాత రాసుకున్నాడు. బిళ్లలు తింటాడని మొనగాళ్లకు తెలిస్తే పరువు పోతుందని భయం! నా దగ్గరకు వచ్చే పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగితే చాలామంది చెప్పేదీ ఇదే. చేదుగా ఉందట, కానీ ఫ్రెండ్స్ ముందు వద్దనలేకపోయారట. అలాంటి పిల్లాడికి లివర్ గురించి క్లాసు పీకితే ఏం ఎక్కుతుంది? వద్దని ఎలా అనాలో ఇంట్లోనే ఒకటి రెండుసార్లు మాట్లాడించి చూడండి. నెపం మీ మీద వేసి తప్పించుకోమనండి. ఎంత రాత్రయినా ఫోన్ చేస్తే తిట్టకుండా వచ్చి తీసుకొస్తానని మాటివ్వండి.

జాక్‌కు అలా ఫోన్ చేసే మనిషి లేడు. బెనీసియా అనే ఊళ్లో ఒక రాత్రి మత్తులో నీళ్లలో పడ్డాడు. ఆ మత్తులోనే చచ్చిపోదామనిపించి కెరటాలతో కొట్టుకుపోయాడు. గంటలు గడిచి మత్తు దిగేసరికి బతకాలనిపించింది. తెల్లారి ఒక గ్రీకు జాలరి పైకి లాగాడు. ఇలాంటి పిల్లలు మా క్యాజువాలిటీకి వస్తుంటారు. మత్తులో స్పృహ తప్పితే నిద్రపోనిద్దాం అనుకోవద్దు. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

తర్వాత ఆయన రోజుకు వెయ్యి పదాలు రాసే క్రమశిక్షణతో లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. మొదట్లో ఆ వెయ్యి పదాలు పూర్తయ్యాకే తాగేవాడు. కొన్నేళ్లకు తాగితే తప్ప కలం కదలని స్థితికి వచ్చాడు. 1911లో కాలిఫోర్నియాలో మహిళలకు ఓటుహక్కుపై ఓటింగ్ జరిగితే అనుకూలంగా ఓటేశాడు. ఆడవాళ్లకు ఓటొస్తే బార్లు మూయిస్తారని ఆయన ఆశ. పుట్టుకతో తాగుబోతులయ్యేవాళ్లు చాలా అరుదని, అందుబాటులో ఉండటమే కొంప ముంచుతుందని ఆయన వాదన. అలవాటులో వంశపారంపర్యమూ ఉందని నేటి వైద్యం చెబుతుంది గానీ, ఫ్రిజ్‌లో సీసా, గ్లాసులూ సోడా తెమ్మని కొడుకుని పురమాయించే నాన్న ఉన్న ఇళ్లకు ఆ వాదన ఇప్పటికీ వర్తిస్తుంది.

అంత రాసీ, మానేస్తానని మాత్రం ఆయన రాయలేదు. ఇకపై జాగ్రత్తగా తాగుతానని ముగించాడు. పుస్తకం వచ్చిన ఏడాదే అపెండిక్స్ ఆపరేషన్ చేసిన డాక్టరు, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పాడు. దానికి మద్యం ఒక్కటే కారణమని వైద్యుడిగా నేను అనలేను. 1916 నవంబరు 22న గ్లెన్ ఎలెన్‌లోని తన పొలంలో ఆయన కన్నుమూశాడు. రక్తంలో విషపదార్థాలు పేరుకుపోయాయని మరణపత్రంలో రాశారు. అప్పటికి ఆయన వయసు 40.