కండరం గుట్టు విప్పిన సుబ్బారావు

నగరం, రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం వస్తుంది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టింది అక్కడే. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు మందు అందించింది ఆయన బృందమే. ఆయన చేసిన మరో పని గురించి, ఇంట్లో ఎవరైనా మానసిక వ్యాధికి మందులు వాడుతుంటే తప్పక తెలుసుకోవాలి.

తండ్రి పోయినా, తల్లి వెంకమ్మ పట్టుబట్టి చదివించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1923లో అమెరికా చేరారు. పొట్టపోసుకోవడానికి బోస్టన్‌లోని ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు హార్వర్డ్ ప్రయోగశాలలో పరిశోధన. 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం కదలడానికి అప్పటికప్పుడు శక్తినిచ్చే నిల్వ అది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

తొలి యాంటీసైకోటిక్ మందు క్లోర్‌ప్రొమజైన్ 1952లో గానీ మానసిక రోగులకు అందలేదు. ఈ మందులు ఎందరినో మామూలు జీవితంలోకి తెచ్చాయి. అరుదుగా కొందరిలో మాత్రం న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే ప్రాణాపాయ స్థితి వస్తుంది. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన తొలి రెండు వారాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎప్పుడైనా రావచ్చు.

అప్పుడు కండరాలు దెబ్బతిని, వాటిలోని ఎంజైమ్ రక్తంలోకి చేరుతుంది. సుబ్బారావు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమే అది. దాన్ని కొలిచేదే సీపీకే పరీక్ష. ఇతర లక్షణాలతో కలిపి చూసి వైద్యులు నిర్ధారణకు వస్తారు.

ఇంట్లో గమనించాల్సినవి: తీవ్ర జ్వరం, కర్రలా బిగుసుకుపోయిన ఒళ్లు, మాట తడబాటు, అయోమయం, విపరీతమైన చెమట, గుండెదడ. ఇవి కనిపిస్తే జ్వరం బిళ్ల వేసి తెల్లవారేదాకా ఆగొద్దు. తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందుల చీటీ వెంట ఉంచుకోండి. చివరి డోసు ఎప్పుడు వేశారో చెప్పండి.

ఈ లక్షణాలు లేనప్పుడు, భయంతో సొంతంగా మందు ఆపొద్దు. ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. వణుకు, కాస్త బిగుతు, లేవగానే కళ్లు తిరగడం వంటివి ఉంటే వైద్యులకు చెబితే మోతాదు సరిచేస్తారు. మంచం మీద నుంచి లేచేటప్పుడు కాసేపు కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టండి.