నటయశస్వి ఎస్.వి. రంగారావు

నాటకాలలో, సినిమాలలో నటించాలన్న కోరిక చాలామంది పిల్లలకు కలుగుతుంది. కానీ మొదటి వేషం ఎక్కడ దొరుకుతుంది, అనుభవం ఎలా వస్తుంది అన్నది వారికి తెలియదు. స్టూడియో గుమ్మం దగ్గర నిలబడితే చాలు, అదృష్టం పలకరిస్తుందని కొందరు అనుకుంటారు. తెలుగువారు గర్వించదగిన మహానటుడు ఎస్.వి. రంగారావు జీవితం ఇంకొక దారిని చూపుతుంది. ఆయన నటన స్టూడియోలో మొదలు కాలేదు. చదువుకున్న బడిలో మొదలయింది.

రంగారావు పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. ఆయన 1918 జూలై 3న అప్పటి కృష్ణా జిల్లాలోని నూజివీడులో జన్మించారు. తల్లి లక్ష్మీనరసాయమ్మ, తండ్రి కోటేశ్వరరావు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. రంగారావు బాల్యం ఎక్కువగా మద్రాసులో నాయనమ్మ దగ్గర గడిచింది. అక్కడ హిందూ హైస్కూలులో చదివారు. చుట్టూ తమిళం మాట్లాడే ఊరిలో పెరిగినందువల్ల తెలుగుతో పాటు తమిళం కూడా ఆయనకు చక్కగా అలవడింది. తరువాతి రోజులలో ఈ రెండు భాషల పరిచయం ఆయనకు ఎంతో ఉపయోగపడింది.

పదిహేనేళ్ళ వయసులో బడిలో వేసిన నాటకంలో ఆయన మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నారు. చూసినవారు మెచ్చుకున్నారు. అప్పటి నుండి నాటకమంటే ఆసక్తి పెరిగింది. అయితే ఆయన చదువును నిర్లక్ష్యం చేయలేదు. పై చదువుల కోసం ఆంధ్ర ప్రాంతానికి వచ్చి బి.ఎస్సీ. పూర్తి చేశారు.

కాకినాడలో ఆయనకు అసలైన అభ్యాసశాల దొరికింది. ఆ ఊరిలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ ఉండేది. ఉద్యోగులు, విద్యార్థులు, కళాభిమానులు అక్కడ చేరి నాటకాలు ఆడేవారు. తరువాత సినిమా రంగంలో పేరు పొందిన అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఆ సంస్థలోనే పనిచేశారు. అటువంటి సంస్థలో చేరినవారికి జీతం ఉండదు. కానీ జీతం కన్న విలువైనవి కొన్ని దొరుకుతాయి. సంభాషణలు కంఠస్థం చేయడం, మైకులు లేకపోయినా చివరి వరుస వరకు మాట వినిపించడం, తోటి నటుడు తడబడితే ఆదుకోవడం అక్కడే అలవడతాయి. రంగారావు ఇరవై ఏళ్ళు దాటిన రోజులలోనే వృద్ధుల పాత్రలు ధరించారు. గంభీరమైన కంఠం, నిండైన విగ్రహం ఆ పాత్రలకు నప్పాయి.

కళ అన్నం పెడుతుందన్న నమ్మకం ఆ రోజులలో ఎవరికీ లేదు. అందుచేత రంగారావు అగ్నిమాపక శాఖలో ఉద్యోగానికి చేరారు. బందరులోను, విజయనగరంలోను ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. ఉద్యోగం మంచిదే అయినా మనసు మాత్రం నాటకం మీదనే ఉండేది.

ఇంతలో సినిమా అవకాశం వచ్చింది. బంధువైన బి.వి. రామానందం 'వరూధిని' చిత్రాన్ని తీస్తూ ప్రవరుని పాత్రకు ఆయనను ఎంచుకున్నారు. రంగారావు ఉద్యోగం వదిలిపెట్టారు. మొదటి చిత్రంలోనే కథానాయకుడు! కానీ 1947లో విడుదలైన ఆ చిత్రం ప్రజలకు నచ్చలేదు. మరొక అవకాశం రాలేదు. వదులుకున్న ఉద్యోగం లేదు, కోరుకున్న కళ చేతికి అందలేదు. ఆ ఏడాదే వివాహం కూడా జరిగింది. బ్రతుకు తెరువు కోసం ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు.

మరొకరైతే అక్కడితో నటనను మరచిపోయేవారు. రంగారావు మరువలేదు. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఎందరో తెలుగువారు జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డారు. వారు అంత దూరంలోనూ తెలుగు నాటకాలు ఆడుకునేవారు. రంగారావు ఆ నాటకాలలో దుర్యోధనుడు, కర్ణుడు వంటి పాత్రలు ధరించారు. సినిమా తనను పిలవని ఆ రోజులలో కూడా ఆయన సాధన ఆగలేదు. సొంత ఊరికి దూరంగా బ్రతికే తెలుగువారే ఆయన ప్రేక్షకులయ్యారు.

కొంతకాలానికి దర్శకుడు బి.ఎ. సుబ్బారావు నుండి పిలుపు వచ్చింది. 'పల్లెటూరి పిల్ల' చిత్రంలో ముఖ్యమైన పాత్ర సిద్ధంగా ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే తండ్రి మరణించారు. కర్మకాండలు ముగించుకొని రంగారావు మద్రాసు చేరేసరికి ఆ పాత్ర మరొకరికి దక్కింది. ఆయనకు మిగిలింది ఒక చిన్న వేషం. ఒకప్పుడు కథానాయకునిగా నటించిన తాను చిన్న వేషం వేయడమా అని ఆయన వెనుదీయలేదు. ఇచ్చిన పాత్రను శ్రద్ధగా చేశారు.

ఆ ఓర్పు వృథా కాలేదు. విజయా సంస్థ 1950లో నిర్మించిన 'షావుకారు'లో సున్నపు రంగడు అనే రౌడీ పాత్ర ఆయనకు లభించింది. ప్రేక్షకులు ఆ కొత్త నటుణ్ణి గుర్తుపెట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే సంస్థ తీసిన 'పాతాళ భైరవి'లో ఆయన నేపాళ మాంత్రికుడయ్యారు. ఆ చూపు, ఆ నడక, ఆ మాట విరుపు పిల్లలను, పెద్దలను ఒకేలా ఆకట్టుకున్నాయి. ఆ తరువాత ఆయన వెనుదిరిగి చూడలేదు. 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడుగా నవ్వించారు. 1963లో 'నర్తనశాల'లో కీచకుడుగా నటించి, ఇండోనేషియాలోని జకార్తా నగరంలో జరిగిన ఆఫ్రో ఆసియా చలన చిత్రోత్సవంలో ఉత్తమ నటుడుగా బహుమతి పొందారు. తమిళ చిత్రాలలోను అంతే పేరు తెచ్చుకున్నారు. 'చదరంగం', 'బాంధవ్యాలు' చిత్రాలకు దర్శకత్వం కూడా వహించారు.

రంగారావు 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. 2013లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.

నేపాళ మాంత్రికుని వేషం ఒక్కరోజులో వచ్చింది కాదు. దాని వెనుక బడి నాటకం ఉంది, కాకినాడ క్లబ్ ఉంది, జంషెడ్‌పూర్ తెలుగువారి వేదిక ఉంది. పిలుపు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన నాటికి సిద్ధంగా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది. అందుకు బడి వార్షికోత్సవం, వీధిలోని నాటక సమాజం, ఊరిలోని తెలుగు సంఘం చాలు. రంగారావు జీవితం నేర్పే పాఠం ఇదే.