పక్షి బంధువు డాక్టర్ సలీం అలీ

ఏటా జనవరి మాసంలో ఆసియా ఖండమంతటా చెరువు గట్ల మీద, ఏటి పాయల ఒడ్డున, సముద్రపు బురద మేటల అంచున కొందరు వ్యక్తులు తెల్లవారకముందే చేరుకొంటారు. చేతిలో బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం, పెన్సిలు. కంటబడిన నీటిపక్షులను జాతులవారీగా లెక్కించి, కాగితం మీదికెక్కించి, పంపడం వారి పని. దీనికి జీతం లేదు, బత్తెం లేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, అటవీశాఖ ఉద్యోగులు అందరూ ఇందులో పాల్గొంటారు. మన గోదావరి డెల్టాలో కాకినాడ సమీపాన ఉన్న కోరింగ అభయారణ్యం, అలాగే కొల్లేరు ఈ గణనకు పేరుపొందిన తావులు. ఆసియా నీటిపక్షుల గణన అనే ఈ కార్యక్రమం 1987లో మొదలైనది. ఆ సంవత్సరమే డాక్టర్ సలీం అలీ గారు తొంబదియేళ్ళ వయస్సులో పరమపదించారు.

ఈ గణనకు వారు కర్తలు కారు. కాని పట్టా లేనివాడు, ఉద్యోగం లేనివాడు కూడ ఓపికతో పక్షిని చూచి వ్రాసిపెట్టిన మాట శాస్త్రానికి పనికివస్తుందని మన దేశంలో తమ జీవితం ద్వారా నిరూపించినవారు వారే. అందుచేత వారి చరిత్రను మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు తెలిసికొనుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సలీం అలీ గారు 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. తొమ్మండుగురు సంతానంలో కడపటివారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళు వచ్చేసరికి తల్లి గతించారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ గారు, వారి సతీమణి హమీదా బేగం గారు పిల్లలను చేరదీసి పెంచారు. ఆ ఇంట చదువుకంటె షికారు కబుర్లు ఎక్కువ. మేనమామ ఇచ్చిన గాలి తుపాకితో పిచ్చుకలను కొట్టడం పదేళ్ళ సలీంకు నిత్య వినోదం. ఒకనాడు కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపుపచ్చని మచ్చ కనబడినది. ఇది మామూలు పిచ్చుక కాదు, మరి ముస్లిములు తినదగినదేనా అని బాలునికి సంశయం కలిగినది. మేనమామకు చూపాడు. ఆయనకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి మిల్లార్డ్ దొర వద్దకు వెళ్ళమని చీటీ వ్రాసి ఇచ్చారు. దొర ఆ పక్షిని పోల్చి పేరు చెప్పడమే గాక, అలమారుల సొరుగులు లాగి, దూది కూర్చి భద్రపరచిన వందలాది పక్షులను చూపించారు. హలాలా కాదా అని బయలుదేరిన ప్రశ్న చివరకు ఒక శాస్త్రజ్ఞుని తయారుచేసినది. తమ ఎనభైతొమ్మిదవ యేట, 1985లో, వెలువరించిన ఆత్మకథకు కూడ వారు ఆ పిచ్చుక పేరునే పెట్టుకొన్నారు.

చదువులో మాత్రం వారు ముందు వరుసవారు కారు. తలనొప్పి బాధతో బడి మానవలసివచ్చింది. 1913లో మెట్రిక్యులేషన్ అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో మొదటి సంవత్సరం తరువాత చదువు విడిచి, కుటుంబ వ్యాపారం చూచుకొనుటకు బర్మాలోని తవోయ్ వెళ్ళారు. అక్కడ టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం. చుట్టూ అడవి, అడవి నిండా పక్షులు. వ్యాపారం ఎట్లు సాగి ఉంటుందో పాఠకులే ఊహించవచ్చును! 1917లో తిరిగివచ్చి, ఒక వంక వాణిజ్య చట్టము, జమాఖర్చులు నేర్చుకొంటూనే, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జేవియర్స్‌లో జంతుశాస్త్ర పాఠాలు విన్నారు. 1918లో తెహ్మీనా బేగం గారిని వివాహమాడారు.

భారత జంతుశాస్త్ర సర్వే సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఖాళీ పడినప్పుడు, విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంగా అది వారికి దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో నెలకు 350 రూపాయల జీతం మీద గైడ్ లెక్చరర్‌గా చేరారు. సెలవు పెట్టి 1928లో బెర్లిన్ వెళ్ళి, స్ట్రెసెమన్ అను గొప్ప పక్షిశాస్త్రజ్ఞుని వద్ద శిష్యరికం చేశారు. 1930లో తిరిగివచ్చి చూచుకొంటే ఆ మ్యూజియం ఉద్యోగమే రద్దయి ఉన్నది.

ఉద్యోగం లేదు, బొంబాయిలో బ్రతుకు ఖర్చుతో కూడినది. దంపతులు సముద్రతీరాన కిహీం అనే పల్లెకు కాపురం మార్చారు. ఆ ఇంటి సమీపాన గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకొంటున్నాయి. వేరొకరైతే వాటిని చూచి ముచ్చటపడి ఊరుకొనేవారు. సలీం అలీ గారు నిచ్చెన వేసుకొని, గుడ్డ మరుగున కూర్చొని, గంటల తరబడి ఏ మగపక్షి ఏ గూడు ఎంతవరకు కట్టినదో, ఏ ఆడపక్షి ఎప్పుడు వచ్చి ఏ గూటిని ఎంచుకొన్నదో వరుసగా వ్రాసుకొన్నారు. మగ గిజిగాడు గూడు సగం కట్టి నిలుపుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితే అందులో కాపురముంటుంది. ఆమె గ్రుడ్లు పొదుగుతూ ఉండగా మగపక్షి మరొక గూటికి పునాది వేసి మరొక జోడును వెదకుకొంటుంది. ఈ సంగతిని క్రమంగా నిరూపించిన ఘనత వారిది. మన జాషువా కవి గిజిగాని పనితనాన్ని పద్యాలలో కీర్తించారు. సలీం అలీ గారు దాని సంసారపు జమాఖర్చులు విప్పారు. రెండింటికీ కావలసినది ఒక్కటే, నిలిచి చూచే ఓపిక. డావర్ కళాశాలలో నేర్చిన జమాఖర్చుల విద్య ఇక్కడ అక్కరకు వచ్చిందని నాకు తోస్తుంది.

అటు తరువాత వారు పన్నిన ఉపాయం మిక్కిలి గమనింపదగినది. ఆనాటి సంస్థానాలలో ఏయే పక్షులున్నవో క్రమంగా తెలిసిన చోట్లు తక్కువ. తనకు జీతం అక్కరలేదు, ప్రయాణపు ఖర్చులు భరిస్తే చాలు, సర్వే చేసి పెడతానని వారు సంస్థానాధీశులకు తెలియజేశారు. ఈ తీరున 1931-32లో నిజాం గారి హైదరాబాదు రాష్ట్రంలో పక్షుల సర్వే జరిగినది. పిమ్మట కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల వంతు వచ్చింది. తెహ్మీనా బేగం గారు విడిది ఏర్పాట్లు చూచుకొంటూ భర్తతోపాటు అడవులలో గుడారాలలో గడిపారు. హైదరాబాదు సర్వే ఫలితాలు బొంబాయి సొసైటీ పత్రికలో 1933-34లో ప్రకటితమైనాయి. తెలంగాణ పక్షులను గురించి నేడు ఎవరు పరిశోధన ప్రారంభించినా ఆ పుటలను తిరగవేయక తప్పదు. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న మన డెల్టా ఆ సర్వే పరిధిలోకి రాలేదు. సంస్థానపు సరిహద్దు పక్షులకు తెలియదు గాని, పక్షిశాస్త్రజ్ఞుని ఖర్చులు భరించే ఖజానాకు తెలుసును!

ఇక్కడ ఒక విషయం దాచనక్కరలేదు. ఆ సర్వేలలో పక్షులను తుపాకితో కొట్టి, చర్మాలను భద్రపరచి, జాతిని నిర్ణయించేవారు. ఆనాటి శాస్త్ర పద్ధతి అదే. దానికి సలీం అలీ గారు సిగ్గుపడలేదు, వినోదం కొరకు చంపడాన్ని సమర్థించనూ లేదు. అయితే తుపాకి అవసరాన్ని చాలవరకు తగ్గించిన పుస్తకం కూడ వారి చేతి మీదుగానే వెలువడినది. అదే భారతదేశ పక్షులను గురించి 1941లో ప్రచురితమైన వారి గ్రంథం. రంగుల బొమ్మ, పరిమాణం, ఉండే తావు, అలవాట్లు సరళమైన భాషలో చెప్పి, ఎగిరే పక్షిని ఎగురుతుండగానే సామాన్యుడు పోల్చుకొనే వీలు కల్పించారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు జైలులో ఉండి కుమార్తె ఇందిరకు ఈ పుస్తకాన్ని కానుకగా పంపారు. లెక్కపెట్టాలంటే ముందు పోల్చుకోవాలి గదా! నేటి స్వచ్ఛంద గణనలన్నీ ఇటువంటి పుస్తకం వచ్చిన తరువాతనే సాధ్యమైనవి. ఆ గ్రంథం వెలువడేనాటికి తెహ్మీనా బేగం గారు లేరు. 1939లో చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించారు. ఆ పిదప సలీం అలీ గారు తమ సోదరి ఇంటనే జీవితమంతా గడిపారు.

స్వాతంత్ర్యం వచ్చి ఆంగ్లేయులు వెళ్ళిపోయిన పిమ్మట బొంబాయి సొసైటీ ఆర్థికంగా చితికి మూతపడే స్థితికి వచ్చింది. సలీం అలీ గారు నెహ్రూ గారికి వ్రాసి ప్రభుత్వ సహాయం తెప్పించి దానిని నిలబెట్టారు. మన జిల్లాకు చెందిన ఒక ముఖ్య విషయం ఆ సంవత్సరాలలోనే, ఆ సొసైటీ పత్రికలోనే వెలుగుచూచినది. వృత్తిరీత్యా ఇంగ్లీషు అధ్యాపకులైన కె. కె. నీలకంఠన్ గారు 1946లో కొల్లేరు దాపున, పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామం వద్ద గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారు. సుమారు 3000 గూళ్ళు! దక్షిణ దేశంలో గూడబాతులు పొదిగే తావులు వేళ్ళ మీద లెక్కింపదగినన్ని మాత్రమే తెలిసిన కాలమది. 1970ల నడిమికి వచ్చేసరికి ఆ స్థావరం లేదు. తరతరాలుగా ఆ పక్షులు ఉన్న సంగతి ఊరివారికి తెలియనిది కాదు. కాని అవి ఇన్ని అని ఒక అధ్యాపకుడు కాగితం మీద పెట్టి ఉండకపోతే, పోయినవి ఎన్ని అన్న ప్రశ్నకు మనకు జవాబే ఉండెడిది కాదు. బాగా ఉండేవి అన్న మాటకు ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ విలువ లేదు. 3000 అన్న అంకెకు ఉన్నది.

సలీం అలీ గారి తరువాతి జీవితం సుప్రసిద్ధమే గనుక క్లుప్తంగా చెబుతాను. 1959 మొదలు ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలే పనిని సాగించారు. డిల్లన్ రిప్లీ గారితో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మహాగ్రంథాన్ని 1968 నుండి 1974 వరకు పది సంపుటాలుగా వెలువరించారు. భరత్‌పూర్ సరస్సును, కేరళలోని నిశ్శబ్ద లోయను కాపాడుటకు గట్టిగా పలికారు. 1976లో లభించిన యాభైవేల డాలర్ల గెట్టీ బహుమానాన్ని ప్రకృతి సంరక్షణ నిధికి ధారపోశారు. పద్మభూషణ్, పద్మవిభూషణ్ బిరుదులు, 1985లో రాజ్యసభ సభ్యత్వం వారిని వరించాయి. మోటారు సైకిళ్ళంటే వారికి తీరని మక్కువ. 1950లో స్వీడన్‌లో జరిగిన పక్షిశాస్త్ర మహాసభకు తమ సన్‌బీమ్ బండిని ఓడ మీద ఐరోపాకు చేర్చి మరీ దాని మీద వెళ్ళారు.

పట్టా లేదని ఒకనాడు ఉద్యోగం దక్కని ఆ వ్యక్తికి అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల తరువాత 1978లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. కోరింగ అభయారణ్యం ఏర్పడినదీ ఆ సంవత్సరమే. 1980లో హైదరాబాదులో పక్షి వీక్షకుల సంఘం వెలసినది. 1900 తరువాత ఎవరికీ కానరాని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికినప్పుడు, దానిని వెదకి పట్టినవారు సలీం అలీ గారు పెంచిన బొంబాయి సొసైటీ శాస్త్రజ్ఞులే. వారికి స్థానికులైన వేటగాళ్ళు తోడ్పడ్డారు. శాస్త్రజ్ఞుని బైనాక్యులర్ కంటె ముందు వేటగాని కన్ను ఆ పక్షిని ఎరుగును.

మరల కోరింగకు వద్దాము. సముద్రపు పోటు సమయంలో బురద మేటలు మునిగిపోగా, ఉల్లంకులు మొదలైన ఒడ్డుపక్షులు మిగిలిన కొద్దిపాటి ఇసుక దిబ్బల మీద ఒత్తుగా చేరతాయి. లెక్కకు అదే అదను. వేల పక్షులను ఒక్కొక్కటిగా ఎంచడం అసాధ్యం. కనుక మొదట పది పక్షులను ఎంచి, ఆ పది ఆక్రమించిన చోటును కంటితో కొలిచి, దానిని బట్టి నూరును, నూరును బట్టి గుంపును అంచనా వేస్తారు. ఇద్దరు వేరువేరుగా లెక్కించి సరిచూచుకొంటారు. పోల్చుకోలేని పక్షికి ఊహించి పేరు పెట్టరాదు. తెలియనిది అనే వ్రాయాలి. పక్షి ఏదీ కనబడకపోతే సున్న వ్రాయాలి, గడిని ఖాళీగా వదలరాదు. ప్రతి యేడూ అదే తావున, అదే వారాలలో చేస్తేనే ఈ యేటి అంకెను పోయిన యేటి అంకెతో పోల్చవచ్చును. నీటి మీద కింది ముక్కును ఆనించి కోసుకుంటూ పోయే స్కిమ్మర్ పక్షులు ప్రపంచంలో అరుదైపోయినవి, కాకినాడ తీరంలో మాత్రం శీతకాలంలో వందలుగా చేరుతున్నవని ఇటువంటి లెక్కల వల్లనే లోకానికి తెలిసింది.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకెక్కినది. 2006లో ప్రభుత్వం అందులోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టించింది. ఆ వివాదం ఈనాటికీ చల్లారలేదు, అక్కడివారి జీవనాధారం దానితో ముడిపడి ఉన్నది గనుక దానిని తేలికగా తీసివేయడానికీ లేదు. కైకలూరు సమీపాన ఆటపాకలో, చెట్లు చాలని చోట అటవీశాఖవారు నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు నేడు గూళ్ళు కట్టి పిల్లలను లేపుతున్నాయి. పడవలో కూర్చొని ఆ గూళ్ళను ఎవరైనా ఎంచవచ్చును. రాబోయే జనవరిలో గణనకు వెళ్ళదలచిన విద్యార్థులు కార్తికమాసం నుండే ఊరి చెరువు గట్టున సాధన మొదలుపెట్టుట మంచిది. నామాలకోడిని, నీటికాకిని, నత్తగుల్ల కొంగను తడబడకుండా పోల్చగలిగితే మొదటి యేటికి చాలును.