ఫిలిప్ కె. డిక్

ఫిలిప్ కిండ్రెడ్ డిక్ (డిసెంబర్ 16, 1928 - మార్చి 2, 1982) అమెరికాకు చెందిన ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ (వైజ్ఞానిక కల్పన) రచయిత. సుమారు ముప్పై సంవత్సరాల రచనా జీవితంలో ఇతడు 44 నవలలను, 120కి పైగా కథలను రచించాడు. కంటికి కనిపించే లోకం నిజమైనదేనా, మనిషిని మనిషిగా నిలిపే గుణమేది అనే రెండు ప్రశ్నలు ఇతని రచనలన్నిటికీ మూలం. 1980వ దశకంలో వెలసిన సైబర్‌పంక్ అనే సాహిత్య శాఖకు ఇతనిని పూర్వగామిగా విమర్శకులు పరిగణిస్తారు. జీవించి ఉన్నంత కాలం చాలావరకు ఆర్థికమైన ఇబ్బందులలోనే గడిపిన ఇతనికి విస్తృతమైన కీర్తి మరణానంతరమే లభించింది.

జననము, బాల్యము

డిక్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని షికాగో నగరంలో కవలలలో ఒకడిగా, నెలలు నిండకముందే జన్మించాడు. తండ్రి జోసెఫ్ ఎడ్గార్ డిక్ ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగి. తల్లి డొరోతీ. కవల సోదరి జేన్ ఆరు వారాల వయసులో, 1929 జనవరి 26న మరణించింది. కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ మోర్గన్‌లో ఆమెను ఖననం చేసినప్పుడు సమాధి ఫలకంపై ఆమె పేరు ప్రక్కనే ఫిలిప్ పేరును, జన్మదినాన్ని కూడా చెక్కించి, మరణ తేదీకి మాత్రం ఖాళీ ఉంచారు. తన పేరుతో ఒక సమాధి సిద్ధంగా ఉన్నదన్న స్పృహ, కనిపించని సోదరి లేని లోటు ఇతనిని జీవితాంతం వెంటాడాయి. ఇతని నవలలలో కవలలు, ప్రతిరూపాలు తరచుగా రావడానికి ఇదే కారణమని జీవిత చరిత్రకారుల అభిప్రాయం.

తల్లిదండ్రులు విడాకులు తీసుకున్న తరువాత డిక్ తల్లి వద్ద పెరిగాడు. కొంతకాలం వాషింగ్టన్ నగరంలో ఉండి, 1938లో తల్లితో కలిసి కాలిఫోర్నియాకు తిరిగి వచ్చాడు. 1947లో బర్క్‌లీ ఉన్నత పాఠశాలలో చదువు ముగించాడు. తరువాతి కాలంలో ప్రసిద్ధ రచయిత్రి అయిన ఉర్సులా కె. లె గ్విన్ అదే సంవత్సరం అదే పాఠశాలలో చదువు ముగించినా వారికి అప్పట్లో పరిచయం లేదు. డిక్ 1949లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి కొద్ది నెలలలోనే మానివేశాడు. అటుపిమ్మట బర్క్‌లీలోని ఒక గ్రామఫోన్ రికార్డుల దుకాణంలో పనిచేశాడు.

రచనా జీవితము

పత్రికా సంపాదకుడు ఆంథొనీ బౌచర్ ప్రోత్సాహంతో డిక్ కథలు వ్రాయడం ప్రారంభించి, 1951లో మొదటి కథను విక్రయించాడు. 1952లో "ప్లానెట్ స్టోరీస్" పత్రికలో వెలువడినది ఇతని తొలి ముద్రిత కథ. మొదటి నవల "సోలార్ లాటరీ" 1955లో వెలువడింది. ఆ రోజులలో సైన్స్ ఫిక్షన్ నవలలను చౌక కాగితంపై అచ్చువేసి, తక్కువ ధరకు అమ్మేవారు. రచయితకు ముట్టే పారితోషికం స్వల్పం. పెంపుడు జంతువులకై అమ్మే గుర్రపు మాంసాన్ని కొని తిన్న రోజులు ఉన్నాయని డిక్ తరువాత స్వయంగా వ్రాసుకున్నాడు.

సైన్స్ ఫిక్షన్ వ్రాస్తున్నప్పటికీ, సాధారణ సాంఘిక నవలాకారునిగా గుర్తింపు పొందాలన్నది ఇతని ప్రగాఢమైన కోరిక. 1950వ దశకంలో ఇటువంటి నవలలు అనేకం వ్రాసినా ప్రచురణకర్తలు అంగీకరించలేదు. 1963లో ఇతని ఏజెన్సీ అమ్ముడుపోని ఆ వ్రాతప్రతులను తిప్పిపంపింది. వాటిలో ఒక్కటి మాత్రమే, "కన్ఫెషన్స్ ఆఫ్ ఎ క్రాప్ ఆర్టిస్ట్", 1975లో ఇతని జీవితకాలంలో వెలువడింది. అయితే ఈ ఓటమి వృథా కాలేదు. చిన్న దుకాణదారులు, మరమ్మతు పనివారు, అప్పులతో సతమతమయ్యే గృహస్థులు ఆ నవలల నుండి ఇతని భవిష్యత్ కథలలోకి వచ్చి చేరారు. వీరులు, అంతరిక్ష నాయకులు నిండిన నాటి సైన్స్ ఫిక్షన్‌లో ఇది క్రొత్త పోకడ.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను పంచుకున్నట్లు ఊహించిన "ది మాన్ ఇన్ ది హై కాజిల్" (1962) నవలకు 1963లో హ్యూగో పురస్కారం లభించింది. తరువాతి రెండు సంవత్సరాలలో ఆంఫెటమైన్ మాత్రల సాయంతో రాత్రింబవళ్ళు శ్రమించి సుమారు పది నవలలు వ్రాశాడు. దీనివలన ఆరోగ్యం దెబ్బతిన్నది. ఇతని ఐదు వివాహాలూ విచ్ఛిన్నమయ్యాయి.

నవలలలోని భావి ప్రపంచము

హై కాజిల్ నవల కోసం డిక్ బర్క్‌లీ గ్రంథాలయంలో నాజీల దినచర్య పుస్తకాలను చదివాడు. ఇతరుల బాధ పట్ల ఏ చలనమూ లేని మనుషులు అందులో కనిపించారు. రూపం మనిషిదే అయినా దయ లేనివాడు మనిషేనా అన్న ఈ సందేహమే "డు ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?" (1968) నవలకు బీజం. ఇందులో అణుయుద్ధం వలన జంతువులు దాదాపు నశిస్తాయి. నిజమైన జంతువును పెంచుకోవడం గౌరవ చిహ్నమవుతుంది. కొనలేనివారు విద్యుత్ గొర్రెలను పెంచుతూ అవి నిజమైనవని పొరుగువారిని నమ్మిస్తారు. తప్పించుకు తిరిగే ఆండ్రాయిడ్లను (మనిషి రూపంలో తయారైన కృత్రిమ జీవులను) పట్టుకోవడానికి సానుభూతిని కొలిచే పరీక్షను వాడతారు.

"యూబిక్" (1969) నవలలో కథానాయకుని ఇంటి తలుపు నాణెం వేయనిదే తెరుచుకోదు. అతడు మరలు విప్పబోతే తలుపు దావా వేస్తానని బెదిరిస్తుంది. సొంత ఇంటిలోని వస్తువులకు కూడా వాడుక రుసుము చెల్లించవలసిన దుస్థితిని చిత్రించిన ఈ హాస్య ఘట్టం, నెలవారీ చందాలు కట్టే నేటి పాఠకునికి మరింత దగ్గరగా తోస్తుంది. "ఫ్లో మై టియర్స్, ది పోలీస్‌మన్ సెడ్" (1974)లో ఒక సుప్రసిద్ధ టెలివిజన్ కళాకారుడు ఒకనాడు నిద్రలేచేసరికి ప్రభుత్వ దస్త్రాలలో అతని వివరాలేవీ ఉండవు. గుర్తింపు పత్రం లేనివానికి మనుగడే లేని పోలీసు రాజ్యం అది. ఈ నవలకు 1975లో జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ స్మారక పురస్కారం లభించింది.

1970వ దశకపు ఆరంభంలో డిక్ ఇల్లు మాదకద్రవ్యాలకు అలవాటుపడిన యువకులకు ఆశ్రయమైంది. 1972లో తీవ్రమైన నిరాశకు లోనై కెనడాలోని ఒక పునరావాస కేంద్రంలో చేరి కోలుకున్నాడు. ఆ అనుభవాల నుండి "ఎ స్కానర్ డార్క్లీ" (1977) పుట్టింది. ఇందులో రహస్య పోలీసు ఒకడు తన సొంత ఇంటిపైనే నిఘా ఉంచవలసి వస్తుంది. నవల చివర మాదకద్రవ్యాల వలన మరణించిన, దెబ్బతిన్న మిత్రుల పేర్లతో ఒక జాబితా ఉన్నది. అందులో రచయిత తన పేరును కూడా చేర్చాడు.

చివరి సంవత్సరములు

1974 ఫిబ్రవరి, మార్చి నెలలలో డిక్‌కు కొన్ని అసాధారణ దర్శనాలు కలిగాయి. అవి దైవికమా, మానసిక రుగ్మతా అన్నది ఇతడు తేల్చుకోలేకపోయాడు. వాటిని వివరించుకొనే ప్రయత్నంలో దాదాపు 8,000 పుటల వ్యాఖ్యానం వ్రాశాడు. అందులో కొంత భాగం 2011లో ప్రచురితమైంది. "వేలిస్" (1981) నవలకు ఈ అనుభవాలే ఆధారం.

ఆండ్రాయిడ్ల నవల ఆధారంగా దర్శకుడు రిడ్లీ స్కాట్ "బ్లేడ్ రన్నర్" చిత్రాన్ని తీస్తున్నప్పుడు, ఆ చిత్రకథను అనుసరించి క్రొత్తగా ఒక నవల వ్రాసి, మూల నవలను ప్రక్కన పెట్టవలసిందిగా డిక్‌ను కోరారు. అందుకు పెద్ద మొత్తం లభించేది. డిక్ నిరాకరించి, మూల నవలనే తిరిగి ముద్రింపజేశాడు. ఆ సమయాన్ని "ది ట్రాన్స్‌మైగ్రేషన్ ఆఫ్ టిమొతీ ఆర్చర్" అనే సాంఘిక నవలకు తక్కువ పారితోషికంపై వినియోగించాడు. ఇది ఇతని చివరి నవల.

చిత్రంలోని కొన్ని దృశ్యాలను మాత్రమే చూచిన డిక్, 1982 ఫిబ్రవరిలో పక్షవాతానికి గురై, మార్చి 2న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మరణించాడు. చిత్రం అదే సంవత్సరం జూన్ 25న విడుదలైంది. తండ్రి ఇతని అస్థికలను ఫోర్ట్ మోర్గన్‌కు తీసుకువెళ్ళి సోదరి ప్రక్కనే ఉంచాడు. ఫలకంపై 53 సంవత్సరాలుగా ఖాళీగా ఉన్న చోటు అప్పుడు నిండింది.

సైబర్‌పంక్‌పై ప్రభావము

మహోన్నతమైన సాంకేతిక పరిజ్ఞానం, దాని నడుమ దిగజారిన సామాన్యుల బ్రతుకు - ఈ రెండింటినీ ఒకేచోట చూపడం సైబర్‌పంక్ లక్షణం. కంప్యూటర్ వలయాలు, బడా సంస్థల పెత్తనం, నగరపు చీకటి వీధులు ఇందులో ప్రధానం. విలియం గిబ్సన్ నవల "న్యూరోమాన్సర్" (1984) ఈ శాఖకు ప్రతినిధి. డిక్ స్మారకంగా ఏర్పడిన ఫిలిప్ కె. డిక్ పురస్కారం ఈ నవలకు కూడా లభించడం విశేషం. కంప్యూటర్ వలయాల గురించి డిక్ అంతగా వ్రాయలేదు. కాని సాంకేతికత సామాన్యుని జేబును, జ్ఞాపకాన్ని, గుర్తింపును ఎలా తాకుతుందో ముందుగా చూపినవాడు ఇతడే. సైబర్‌పంక్ నవలలు చదవదలచినవారు యంత్రాల వర్ణనలకన్నా ఈ అంశాన్ని గమనిస్తే వాటి మూలం బోధపడుతుంది.

2007లో లైబ్రరీ ఆఫ్ అమెరికా గ్రంథమాల డిక్ నవలలను ప్రచురించింది. ఆ మాలలో చోటు పొందిన మొదటి సైన్స్ ఫిక్షన్ రచయిత ఇతడే. జీవితకాలంలో తన సాంఘిక నవలలతో ఆశించిన సాహిత్య గౌరవం, ఒకనాడు చౌక పుస్తకాలుగా అమ్ముడైన నవలల ద్వారానే ఇతనికి దక్కింది.

ఇతని రచనల ఆధారంగా వచ్చిన కొన్ని చిత్రములు

బ్లేడ్ రన్నర్ (1982)
టోటల్ రీకాల్ (1990)
మైనారిటీ రిపోర్ట్ (2002)
ఎ స్కానర్ డార్క్లీ (2006)